టెక్సస్‌లో పొలం కొన్నాక కౌంటీ రోడ్డు మీదికి డ్రైవ్‌వే ఎక్కడ తెరవాలి, పర్మిట్ ఎలా తెచ్చుకోవాలి

మీరు అడిగింది ఇదీ. డాలస్‌కి ఈశాన్యంగా 11 ఎకరాలు కొన్నారు. తూర్పు హద్దు పొడవునా 640 అడుగులు కౌంటీ రోడ్డు. ఈశాన్యం మూల పాత పొలం గేటు ఉంది. వాస్తుకి కూడా సరిపోయిందని డ్రైవ్‌వే అక్కడే అనుకున్నారు, ఇంటి ప్లాన్ కూడా దాన్ని బట్టే గీయించారు. కౌంటీ ఇన్‌స్పెక్టర్ వచ్చి చూసి, పక్కనే రోడ్డు మిట్ట ఉంది కాబట్టి ఇక్కడ కుదరదు అన్నాడు. ఇప్పుడు కౌంటీ కమిషనర్‌తో మాట్లాడి ఆ గేటే ఒప్పించుకోవచ్చా, లేకపోతే నైరుతి వైపు ఎఫ్‌ఎం (ఫార్మ్ టు మార్కెట్, అంటే రాష్ట్రం చూసుకునే పల్లె దారి) రోడ్డుకి ఆనుకుని ఉన్న 90 అడుగుల్లోంచి దారి తీసుకోవచ్చా అన్నది మీ సందేహం.

నేను సివిల్ ఇంజనీర్‌ని. ఉత్తర టెక్సస్‌లో ఇలాంటి స్థలాలకి దారి, డ్రైనేజీ డ్రాయింగులు గీయడమే నా పని. నా సమాధానం ముందే చెప్పేస్తాను: ఆ పాత గేటు కోసం పోరాడకండి. ఎఫ్‌ఎం రోడ్డు ఆలోచన కూడా వదిలేయండి. పాత గేటు నుంచి దక్షిణంగా 400 అడుగుల దగ్గర కొత్త చోటు చూసుకుని దానికి అప్లై చేయండి. అక్కడ పర్మిట్ వచ్చే అవకాశం బాగా ఉంది. మీ ఇంట్లోవాళ్లు రోజూ కారు తీసేది ఆ దారినే కాబట్టి, పర్మిట్ సంగతి అటుంచినా అదే మంచి చోటు.

ఇలాంటి కేసుల్లో చాలామంది పొరబడే విషయం ఒకటుంది. స్థలం మనది, కాబట్టి దారి ఎక్కడ తెరవాలో మన ఇష్టం అనుకుంటారు. మన కంచెకీ తారు అంచుకీ మధ్య ఉన్న గడ్డి, కాలువ మన ఇష్టానికి వాడుకునేవి కావు, అవి రైట్ ఆఫ్ వే, అంటే రోడ్డు కోసం కేటాయించిన స్థలం. కౌంటీ అనుమతి ఇచ్చేది ఆ ముక్కలో పని చేయడానికి. అందుకే వాళ్లు మీ ఇంటి ప్లాన్ చూడరు. రోడ్డు మీద వెళ్లే మనిషికి మీ కారు ఎంత దూరం నుంచి కనిపిస్తుంది, వాన పడితే కాలువలో నీళ్లు ఎటు పోతాయి, ఈ రెండే చూస్తారు. మీరూ అదే వరసలో ఆలోచిస్తే పని తేలిక. ముందు రోడ్డు మీద చోటు ఖాయం చేసుకోవాలి, ఆ తర్వాతే ఇల్లు.

పాత గేటు ఉంది కదా, అది హక్కు కాదా అని రాశారు. కాదండీ. అది ట్రాక్టర్ ఏడాదికి నాలుగైదు సార్లు లోపలికి వెళ్లడానికి పెట్టుకున్న పొలం గేటు. ఇల్లు కట్టాక రోజుకి ఎనిమిది, పది సార్లు కార్లు వచ్చిపోతాయి, డెలివరీ వ్యాన్లు వస్తాయి. వాడకం మారితే కొత్తగా పర్మిట్ తీసుకోమంటారు, కొత్త పర్మిట్ అంటే ఇప్పటి నియమాలే వర్తిస్తాయి. పొలం పనికి మాత్రం ఆ గేటు అలాగే ఉంచుకోనిమ్మని అడగండి. దానికి సాధారణంగా అభ్యంతరం ఉండదు.

ఇక మిట్ట సంగతి. దీని దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే మీ కేసు మొత్తం దీని మీదే ఉంది.

మీ రోడ్డు మీద స్పీడ్ బోర్డు ఏదీ లేదని రాశారు. టెక్సస్‌లో ఊరి బయట, రాష్ట్రం నంబరు ఇవ్వని రోడ్డు మీద బోర్డు లేకపోతే చట్టప్రకారం 60 మైళ్ల లిమిట్ అనుకోవాలి. 60 మైళ్లంటే సెకనుకి 88 అడుగులు. డ్రైవ్‌వే నుంచి ఆగి ఎడమకి తిరిగి రోడ్డెక్కే కారుకి ఇంజనీరింగ్ లెక్కల్లో 7.5 సెకన్ల ఖాళీ కావాలి. రెండూ గుణిస్తే 660, పట్టికల్లో 665 అడుగులు అని ఉంటుంది. అంటే మీకు రోడ్డు అటూ ఇటూ అంత దూరం కనిపించాలి. రోడ్డు మీద వచ్చేవాడి వైపు నుంచి ఇంకో లెక్క ఉంది. 60లో వస్తున్నవాడు ఎదురుగా ఆగి ఉన్న కారుని చూసి బ్రేకు వేసి ఆగడానికి 570 అడుగులు కావాలి. పాత గేటు దగ్గర నుంచి ఉత్తరానికి 280 అడుగులే కనిపిస్తోందని మీరే కొలిచి రాశారు. అంటే మిట్ట దాటిన డ్రైవర్ మిమ్మల్ని చూసేసరికి అతనికి మిగిలేది మూడు సెకన్ల పైచిలుకు. కుడి సిగ్నల్ వేసి గేటులోకి తిరగడానికి రోడ్డు మీద వేగం తగ్గించిన కారుని వెనక నుంచి గుద్దే ప్రమాదం సరిగ్గా ఇలాంటి చోట్లే ఎక్కువ. ఇన్‌స్పెక్టర్ చెప్పింది న్యాయమైన మాటే.

400 అడుగులు దక్షిణానికి జరిగితే ఆ 280 కాస్తా దాదాపు 680 అవుతుంది. దాదాపు అని ఎందుకంటున్నానంటే రోడ్డు వాలుని బట్టి కొంచెం అటూ ఇటూ కావచ్చు. కాబట్టి మీరే మళ్లీ కొలవండి. నిలబడి చూస్తే లెక్కకి రాదు, కారులో కూర్చున్నవాడి కంటి ఎత్తులో చూడాలి. ఆ ఎత్తు 3.5 అడుగులు. రెండు కర్రలు తీసుకుని సరిగ్గా 3.5 అడుగుల దగ్గర గులాబీ రంగు సర్వే రిబ్బన్ కట్టండి. ఒక కర్ర కొత్త డ్రైవ్‌వే మధ్యలో, తారు అంచుకి 14.5 అడుగులు వెనక్కి పాతండి. రెండో కర్ర పట్టుకుని ఇంకొకరు గడ్డి అంచున ఉత్తరానికి నడుస్తూ పోవాలి. మీరు మొదటి కర్ర వెనక వంగి రిబ్బన్ ఎత్తులో కన్ను పెట్టి చూస్తూ ఉండండి. రెండో రిబ్బన్ మిట్ట వెనక మాయమయ్యే చోట ఆపమని ఫోన్‌లో చెప్పి, అక్కడి దాకా మెజరింగ్ వీల్‌తో కొలవండి. ఇద్దరూ మెరిసే చొక్కాలు వేసుకోండి, తారు మీద నడవకండి. దక్షిణం వైపు రోడ్డు తిన్నగా దిగుతుందని రాశారు, అయినా అటు కూడా కొలవండి. ఆ రెండు అంకెలూ, రెండు ఫొటోలూ మీ అప్లికేషన్‌కి జతచేస్తే సగం మాటలు తగ్గుతాయి.

కొలిచేటప్పుడు ఏ నెలలో ఉన్నామన్నది కూడా గుర్తుంచుకోండి. జనవరిలో కంచె పక్కన అంతా ఎండిపోయి చదునుగా కనిపిస్తుంది. జూన్ వచ్చేసరికి జాన్సన్ గడ్డి మనిషి ఎత్తు పెరుగుతుంది, కంచెలో హాక్‌బెర్రీ కొమ్మలు ముందుకి వాలతాయి. మీ హద్దులోపలి చెట్లు మీరే కొట్టుకోవచ్చు. రైట్ ఆఫ్ వేలో ఉన్నవాటికి మాత్రం కౌంటీని అడగాలి. పక్కవాళ్ల కంచె మీద చెయ్యి వేయకండి.

గుర్రాల ట్రైలరో, ట్రాక్టర్ ట్రైలరో పెట్టుకునే ఆలోచన ఉంటే ఇంకా ఎక్కువ దూరం చూసుకోండి. పెద్ద ట్రక్కులకి లెక్కలో 11.5 సెకన్లు పడతాయి, 60 మైళ్ల దగ్గర అది 1,000 అడుగులు దాటుతుంది. ఇంటి డ్రైవ్‌వేకి కౌంటీ అంత అడగకపోవచ్చు. ట్రైలర్ నడిపేది మీరే కాబట్టి మీరు లెక్కలో పెట్టుకోండి. గేటు కూడా రోడ్డుకి మరీ దగ్గర పెట్టవద్దు. గేటు తెరుచుకునే లోపు ట్రైలర్ తోక తారు మీద ఉండకూడదు. 50, 60 అడుగులు లోపలికి పెట్టుకుంటే నిశ్చింత.

వాస్తు గురించి. దీన్ని తేలిగ్గా కొట్టిపారేయమని నేను చెప్పను, మా ఇంట్లోనూ చూస్తాం. కానీ రోడ్డు మీద కౌంటీ ఇచ్చే దారి వేరు, మీ ఇంటి ఆవరణకి పెట్టుకునే సింహద్వారం గేటు వేరు. 11 ఎకరాల్లో ఇంటి చుట్టూ ఒక ఎకరం విడిగా కంచె వేసుకుని, దానికి తూర్పు ఈశాన్యంలో గేటు పెట్టుకోండి. రోడ్డు నుంచి వచ్చే దారిని పొలంలోంచి తిప్పి ఆ గేటు దాకా తీసుకురండి. లోపల దారి ఎలా తిరిగిందన్నది కౌంటీకి పట్టదు. మీ సిద్ధాంతి గారికి కూడా స్థలం మొత్తం స్కెచ్ కాకుండా ఇంటి ఎకరం స్కెచ్ చూపించి అడగండి. నేను చూసినంతలో చాలామంది ఒప్పుకున్నారు. దారి కాస్త పొడుగవుతుంది, కంకర ఖర్చు పెరుగుతుంది. మిట్ట పక్కన పిల్లలున్న కారుని రోడ్డెక్కించడం కంటే ఆ ఖర్చు ఎంతో నయం.

ఎఫ్‌ఎం రోడ్డు ఎందుకు వద్దన్నానో చెప్తాను. ఎఫ్‌ఎం, ఆర్‌ఎం (రాంచ్ టు మార్కెట్), స్టేట్ హైవే, యూఎస్ హైవే, ఇవన్నీ రాష్ట్ర రవాణా శాఖ టెక్స్‌డాట్ చేతిలో ఉంటాయి. వాటి మీద కౌంటీ పర్మిట్ చెల్లదు, టెక్స్‌డాట్‌కే అప్లై చేయాలి. వాళ్లకి డ్రైవ్‌వేల మధ్య దూరానికి పట్టిక ఉంది. 40 మైళ్ల రోడ్డు మీద 305 అడుగులు, 45 మీద 360, 50, అంతకి పైన అయితే 425. అది మీ హద్దులోపల కొలిచేది కాదు, పక్కవాడి డ్రైవ్‌వే అంచు నుంచి మీ డ్రైవ్‌వే అంచు దాకా కొలుస్తారు. మీకున్నది 90 అడుగుల ముఖం, పక్కనే ఇంకో ఇల్లు. వేరే దారే లేక స్థలం మూసుకుపోయే పరిస్థితిలో ఆ దూరం తగ్గించే వీలు నియమాల్లోనే ఉంది. మీకు కౌంటీ రోడ్డు మీద 640 అడుగులు ఉంది కాబట్టి ఆ మినహాయింపు మీకు దొరకడం కష్టం.

ఇప్పుడు కాలువ, పైపు. పర్మిట్ వచ్చాక ఎక్కువ గొడవలు వచ్చేది ఇక్కడే. రోడ్డు పక్క కాలువని పూడ్చి దాని మీద దారి వేయలేరు, కింద కల్వర్టు పైపు వేయాలి. సైజు మీరు ఊహించి కొనకండి. ఎన్ని ఎకరాల నీళ్లు ఆ కాలువలోకి వస్తాయో చూసి కౌంటీ చెప్తుంది. చాలాచోట్ల 18 అంగుళాల కంటే తక్కువ ఒప్పుకోరు. కింద ఉన్న పక్కింటి పైపు 24 అయితే మీకు 18 సరిపోతుందా అని వాళ్లని అడగండి. పైపు చిన్నదైతే మీ డ్రైవ్‌వే ఆనకట్టలా నిలిచి, ఎగువ ఉన్నవాళ్ల పొలంలోకి నీళ్లు ఎదురెక్కుతాయి. టెక్సస్ వాటర్ కోడ్ ప్రకారం వాన నీటిని అడ్డగించో, మళ్లించో ఇంకొకరి స్థలానికి నష్టం చేస్తే వాళ్లు దావా వేయొచ్చు.

పొడవు విషయంలో చాలామందికి అంచనా తప్పుతుంది. దారి 24 అడుగుల వెడల్పు కాబట్టి పైపు 24 అడుగులు చాలనుకుంటారు. పక్కలు నిటారుగా కోస్తే అంతే చాలు, కానీ నిటారుగా ఉండకూడదు. రోడ్డు తప్పి కాలువలోకి దిగిన కారు మీ దారి గట్టుకి గుద్దుకోకుండా దాని మీదుగా ఎక్కి దాటేలా వాలు ఉండాలి. టెక్స్‌డాట్ రోడ్ల మీద సాధారణంగా 6 అడుగులకి 1 అడుగు వాలు అడుగుతారు. కాలువ అడుగు నుంచి మీ దారి 2.5 అడుగుల ఎత్తు ఉందనుకోండి, ఒక్కో వైపు 15 అడుగులు పోతుంది, పైపు మొత్తం 54 అడుగులు. కౌంటీ దీనికంటే నిటారు వాలు ఒప్పుకుంటే పొడవు తగ్గుతుంది. పైపు చివరలు కూడా ఆ వాలుకి సరిపడా ఏటవాలుగా ఉంటాయి. గొప్పగా కనిపిస్తుందని పైపు రెండు కొసలా రాతిగోడ కట్టి, పైన సింహాల బొమ్మలు పెడతామని అడిగేవాళ్లున్నారు. దయచేసి రైట్ ఆఫ్ వేలో అది వద్దు. రాత్రిపూట నిద్రమత్తులో రోడ్డు తప్పినవాడికి ఆ గోడే ప్రాణాంతకం. ఇటుకలతో కట్టే పోస్టు డబ్బా దిమ్మలు కూడా అంతే. సింహాలు మీ గేటు దగ్గర, మీ హద్దులోపల పెట్టుకోండి.

పైపు ఎవరు వేస్తారన్నది కౌంటీని బట్టి, ఒక్కోసారి ప్రిసింక్ట్‌ని (కౌంటీలో ఒక కమిషనర్ కిందుండే భాగం) బట్టి మారుతుంది. కొన్నిచోట్ల మీరు పైపు కొనిస్తే రోడ్డు సిబ్బందే వేసి వెళ్తారు. కొన్నిచోట్ల ఇన్సూరెన్స్ ఉన్న కాంట్రాక్టర్‌ని మీరే పెట్టుకోవాలి. ఇదొక్కటి ముందు అడిగితే డబ్బు బాగా మిగలొచ్చు.

స్థలం దక్షిణం చివర వాగు ఉందన్నారు. ఫెమా (కేంద్ర విపత్తుల సంస్థ) వరద మ్యాపు ఆన్‌లైన్‌లో ఉచితంగా చూడొచ్చు. మీ కొత్త దారిలో ఏ కొంచెం ముక్క అయినా వరద జోన్‌లో పడితే, అక్కడ మట్టి పోయడానికి కౌంటీ ఫ్లడ్‌ప్లెయిన్ అధికారి దగ్గర వేరే పర్మిట్ కావాలి. డ్రైవ్‌వే పర్మిట్ ఉంది కదా అని అది పక్కన పెట్టడానికి లేదు.

నేల గురించి కూడా ఒక మాట. మీరున్న ప్రాంతం బ్లాక్‌ల్యాండ్ ప్రెయరీ. గుంటూరు, కర్నూలు వైపు పెరిగినవాళ్లకి చెప్పక్కర్లేదు, అచ్చం మన నల్లరేగడే. ఎండకి అరచెయ్యి పట్టేంత బీటలు, వానకి చెప్పు ఊడొచ్చేంత జిగురు. దీని మీద నేరుగా కంకర పోస్తే రెండు వానలకి కంకరంతా నేలలోకి దిగిపోతుంది. పైన గడ్డి మట్టి తీసేసి, గట్టిగా రోలింగ్ చేసి, జియోటెక్స్‌టైల్ బట్ట పరిచి, దాని మీద ఫ్లెక్స్ బేస్, అంటే పొడితో కలిసిన సున్నపురాయి కంకర, పొరలుగా వేసి తొక్కించాలి. కాంక్రీట్ లారీలు, కలప లారీలు తిరిగేది ఇల్లు కట్టే ఏడాదిలోనే. అందుకే రోడ్డు మీది దారి, పైపు, బేస్ ముందే అయిపోవాలి. పైన తారో కాంక్రీటో ఇల్లు అయ్యాక వేసుకోండి. రోడ్డుకి దగ్గరి భాగంలో వాలు రోడ్డు వైపు కాకుండా కాలువ వైపు ఉండాలి, మీ కంకర కొట్టుకొచ్చి తారు మీద పడితే కౌంటీ మళ్లీ మీ దగ్గరికే వస్తుంది.

అప్లికేషన్ పెట్టే ముందు ఫోన్ చేయండి. ప్రతి టెక్సస్ కౌంటీకీ నాలుగు ప్రిసింక్ట్‌లు ఉంటాయి, ఒక్కోదానికీ ఒక కమిషనర్. చాలా కౌంటీల్లో రోడ్డు పనులు ఆ కమిషనర్ కింద ఉండే ఫోర్‌మన్ చూస్తాడు, కొన్నిట్లో కౌంటీ ఇంజనీర్ ఆఫీసు. మీ హద్దుకి దగ్గర్లో ఊరు ఉంటే మీరు దాని ఈటీజేలో (ఊరి హద్దు బయట ఉన్నా ఆ ఊరి నియమాలు కొన్ని వర్తించే ప్రాంతం) ఉన్నారేమో కూడా అడగండి. కొత్త చోట రెండు కర్రలు పాతి రిబ్బన్ కట్టి, ఉత్తరం హద్దు నుంచి ఎన్ని అడుగుల్లో ఉందో రాసుకుని, ఫోర్‌మన్‌ని వచ్చి చూడమనండి. అతనితో వాదన పెట్టుకోకండి. 'మీరైతే ఎక్కడ పెడతారు' అని అడగండి. ఆ రోడ్డు మీద ఎక్కడ నీళ్లు నిలుస్తాయో, ఎక్కడ ప్రమాదాలు జరిగాయో అతనికి తెలిసినంతగా ఏ మ్యాపుకీ తెలియదు. కర్ర ఇరవై అడుగులు జరపమంటే జరపండి. ఆ తర్వాత పెట్టే అప్లికేషన్‌లో డీడ్ కాపీ, సర్వే, పక్కవాళ్ల డ్రైవ్‌వేలు చూపించే స్కెచ్, మీరు కొలిచిన చూపు దూరాలు ఉంటే చాలు.

మీ ప్లాట్ కాగితం, అంటే స్థలాన్ని ముక్కలు చేసినప్పుడు రిజిస్టర్ చేసిన మ్యాపు, కూడా ఒకసారి చదవండి. పెద్ద స్థలాన్ని ముక్కలు చేసి అమ్మినప్పుడు, రెండు లాట్లకి కలిపి ఒకే దారి అనో, ఫలానా రోడ్డు మీదికి దారి లేదు అనో నోట్ రాసి రిజిస్టర్ చేసి ఉండొచ్చు. అలా ఉంటే ఫోర్‌మన్ ఒప్పుకున్నా పని జరగదు.

ఒకవేళ కొత్త చోటు కూడా కాదంటే, కారణం రాతపూర్వకంగా అడగండి, వేరియన్స్, అంటే నియమం నుంచి మినహాయింపు, ఎలా పెట్టాలో అడగండి. ఆ పని మీద కమిషనర్స్ కోర్టుకి వెళ్లమంటే పేరు విని టెన్షన్ పడకండి, అది కేసులు నడిచే చోటు కాదు, మన జిల్లా పరిషత్ సమావేశం లాంటిది. ఎవరైనా వెళ్లి మాట్లాడొచ్చు. వెళ్లేటప్పుడు మీ కొలతలు పట్టుకెళ్లండి. ముందే తెలిసినవాళ్లతో చెప్పించి పాత గేటు ఒప్పించుకోవాలని మాత్రం చూడకండి. ఒప్పుకున్నా మిట్ట అక్కడే ఉంటుంది.

పర్మిట్ వచ్చాక తవ్వే ముందు 811కి (భూమి కింది లైన్లు ఎక్కడున్నాయో గుర్తుపెట్టించే ఫోన్ నంబరు) చెప్పండి, కనీసం రెండు పని దినాలు ముందు. పొలంలో ఏముంటుందిలే అనుకోకండి, గ్రామీణ నీటి కంపెనీ లైను, ఫైబర్ కేబుల్ సరిగ్గా రైట్ ఆఫ్ వేలోనే పోతాయి. చాలా కౌంటీల్లో 911 అడ్రస్ (అత్యవసర సేవలు ఇల్లు కనుక్కునే అడ్రస్) డ్రైవ్‌వే ఉన్న చోటుని బట్టి ఇస్తారు. కరెంటు కనెక్షన్‌కి అడ్రస్ అడుగుతారు కాబట్టి ఈ పర్మిట్ ఆలస్యమైతే అవన్నీ ఆగుతాయి. లోపలి దారి పొడవు పెరుగుతోంది కనుక ఫైర్ ట్రక్ సంగతి కూడా చూసుకోండి. పైన కొమ్మలు 13 అడుగుల 6 అంగుళాల ఎత్తు దాకా లేకుండా, చివర ట్రక్కు తిరిగే చోటు ఉండాలి. ఊరి బయట వచ్చేది చాలావరకు వాలంటీర్ ఫైర్ సిబ్బంది, వాళ్లకి వెతుక్కునే పని పెట్టకూడదు.

ఇది చదువుతున్న మిగతావాళ్లకి, ముఖ్యంగా ఇంకా కొననివాళ్లకి: కాంట్రాక్టులో ఆప్షన్ పీరియడ్, అంటే కొనడం మానుకునే వీలున్న గడువు, పెట్టించుకుని ఆ రోజుల్లోనే కర్రలు పాతి ఫోర్‌మన్‌ని పిలవండి. టైటిల్ ఇన్సూరెన్స్ చూసేది రోడ్డుకి చేరే హక్కు ఉందా లేదా అన్నంత వరకే, మీకు కావాల్సిన చోట డ్రైవ్‌వే వస్తుందని అది హామీ ఇవ్వదు. వేరే రాష్ట్రాల్లో ఉన్నవాళ్లు ఇక్కడి పద్ధతి యథాతథంగా తీసుకోకండి. నార్త్ కరోలినాలో కౌంటీలకి రోడ్లే ఉండవు, పల్లె రోడ్డు అయినా రాష్ట్ర రవాణా శాఖ దగ్గరికే వెళ్లాలి. వర్జీనియాలో ఆర్లింగ్టన్, హెన్రైకో కౌంటీలు తప్ప మిగతాచోట్ల దాదాపు అంతే.

మీరు కొత్త చోట కొలిచాక రెండు వైపుల అంకెలూ, కాలువ లోతూ ఇక్కడ రాయండి. ఉత్తరం వైపు 665 కంటే తక్కువ వస్తే ఇంకో 40, 50 అడుగులు దక్షిణానికి జరపొచ్చో లేదో వరద మ్యాపు పక్కన పెట్టుకుని చూసి చెప్తాను. ఇంటి ప్లాన్ గీసేవారిని అప్పటిదాకా ఆగమనండి.